సంపాదకుని మాట: హిమసీమ కథలు
శంషాబాదు విమానాశ్రయమునకు చేరువనున్న మా కొత్వాల్‌గూడనుండి వెలువడు ఈ సంచికను, ఉత్తరధ్రువప్రాంతమున మంచుకడలిపై వేటాడి జీవయాత్ర సాగించిన ఇన్యూట్ ప్రజల కళకు అర్పించుచున్నాము. సముద్రగర్భవాసిని యగు సెడ్నా అలిగినచో వేటజంతువులు దక్కవనియు, మాంత్రికుడు కడలి యడుగునకేగి చిక్కుపడిన ఆమె కురులు దువ్వి ప్రసన్నురాలిని చేయుననియు వారి విశ్వాసము. ఇన్యూట్ చిత్రకారిణి కెనోజువాక్ అషెవాక్ 1960లో రచించిన ‘ఎన్‌చాంటెడ్ ఔల్’ అను గుడ్లగూబ చిత్రము, 1970లో కెనడా తపాలాబిళ్లకెక్కినది.

దండారి పండుగ దినములలో నెమలిపింఛముల కిరీటము దాల్చి, స్నానము మాని, దైవాంశసంభూతుడై మెలగు ఆదిలాబాదు రాజగోండుల గుస్సాడి నర్తకుని కన్నవారికి ఈ భావనాలోకము పరాయిదిగా తోచదు. మార్లవాయి గుస్సాడి నర్తకులు కనకరాజుగారికి 2021లో ప్రకటింపబడిన పద్మశ్రీ చాల ఆలస్యముగా వచ్చిన గౌరవమనియే మా నిశ్చితాభిప్రాయము. ఈ సంచికలో, ప్రదర్శనశాలల అద్దములచాటు ఇన్యూట్ శిల్పములకంటె, వానికి ప్రాణము పోసిన కథలే ముఖ్యములని తలచి, ఆ కథలకే అధిక పుటలు కేటాయించితిమి.