అబ్బా సీడీఎంఏ ఫోన్, అమ్మీ 2జీ ఫోన్

జుమా నమాజ్ అయ్యాక అమ్మీ ఫోన్‌కి బ్యాటరీ కోసం బజార్లో ఆగాను. మా నరసన్నపేట సెల్ షాపు కుర్రాడు ఆ కీప్యాడ్ సెట్‌ని అటూ ఇటూ తిప్పి, "ఏటి భాయ్, ఇంకా ఇదేనా? 2జీ తీసేత్తారంట, 5జీ తీసుకోండి" అన్నాడు. అతని దుకాణం అతనిది. కానీ ఆ "తీసేత్తారంట" దిల్‌లో గుచ్చుకుంది. తీసేస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి చూశాం.

2003 గుర్తుందా? ఆ మే నెలలో ఇన్‌కమింగ్‌కి పైసలు ఇవ్వడం ఆగింది. ఆ వానాకాలంలోనే రిలయన్స్ 501 రూపాయలు కట్టించుకుని చేతికి ఫోన్ ఇచ్చింది, మిగతాది నెలనెలా. అది సీడీఎంఏ. టాటా ఇండికామ్‌దీ అదే. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సెల్‌వన్ జీఎస్‌ఎం. ఏది మేలని చాయ్ హోటళ్లలో బహస్‌లు. నిజానికి సీడీఎంఏ వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. జీఎస్‌ఎం ఒక ఛానల్‌ని ఎనిమిది వంతులు చేసి, వంతులవారీగా మాట్లాడిస్తుంది. సీడీఎంఏలో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి కోడ్ వాళ్లది. షాదీ దావత్‌లో వంద గొంతుల మధ్య మన జబాన్ ఒక్కటే మన చెవికి తగిలినట్టు.

అబ్బా ఒక కంపెనీ సీడీఎంఏ ఫోన్ తీసుకున్నారు, పేరెందుకులెండి. మాషాఅల్లాహ్, గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. తిరకాసల్లా, అందులో సిమ్ లేదు. నంబరు సెట్‌తోనే ముడిపడి ఉండేది. మా మామూ కొడుకు అలాంటి సెట్టే దమ్మామ్ పట్టుకెళ్లాడు. అక్కడంతా జీఎస్‌ఎం. ఫజర్‌కి అలారం పెట్టుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాలేదు. జీఎస్‌ఎం సెట్ ఉన్న అతని దోస్త్ అక్కడి సిమ్ వేసుకుని, దిగిన రోజే ఇంటికి ఖైరియత్ చెప్పాడు.

అసలు దెబ్బ పై మెట్టు దగ్గర తగిలింది. జీఎస్‌ఎం నుంచి జీపీఆర్‌ఎస్, ఎడ్జ్, 3జీ, 4జీ అని మెట్లున్నాయి. కొత్త మెట్టు వచ్చినా పాత 2జీ సెట్ మోగుతూనే ఉంది. తమాషా ఏమిటంటే, 3జీకి జీఎస్‌ఎం వాళ్లు తీసుకున్నది కోడ్‌ల తరీఖానే. డబ్ల్యూసీడీఎంఏ అని పేరులోనే ఉంది. రూహ్ గెలిచింది, జిస్మ్ ఓడింది. సీడీఎంఏకి తర్వాతి మెట్టుగా అనుకున్న యూఎంబీని 2008 నవంబరులో క్వాల్‌కామే వదిలేసి ఎల్‌టీఈ వైపు నడిచింది. ఇక్కడి కంపెనీలూ ఒక్కొక్కటే సీడీఎంఏ మూసేశాయి. అబ్బా సెట్ పాడవలేదు, దానికి పలికే టవరే లేకుండా పోయింది. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011లో వచ్చింది గనుక నంబరు దక్కింది. కొత్త సెట్ పైసలు మాత్రం మా జేబులోంచే.

2016 సెప్టెంబరులో జియో నేరుగా 4జీతోనే దిగింది. అందులో మాట కూడా డేటాగానే పోతుంది, అదే వోల్టీఈ. దానికి మోయాల్సిన పాత బరువు లేదు. 2020లో, దేశంలో మొదటి మొబైల్ కాల్‌కి 25 ఏళ్లయిన సందర్భంలో, ముకేశ్ అంబానీ 2జీని చరిత్రకి వదిలేయాలన్నారు. హిసాబ్ తప్పు కాదు, అదే స్పెక్ట్రంలో 4జీ ఎన్నో రెట్లు డేటా మోస్తుంది. మరి ఎయిర్‌టెల్ 3జీని ముందు మూసి, 2జీని ఎందుకు ఉంచుకుంది? స్మార్ట్‌ఫోన్ వాడేవాడు ఎలాగో 4జీకి ఎక్కేస్తాడు. కీప్యాడ్ చేతిలో ఉన్న బుజుర్గులు, రోజు కూలీలు ఎక్కలేరు.

అందుకే నా రాయ్ ఇది. 2జీ మూసినా నాకు ఏతరాజ్ లేదు, కానీ మూసేవాడే ఆ ఫోన్లు మార్చి ఇవ్వాలి. స్పెక్ట్రం ఎవరి అబ్బా జాగీరూ కాదు, మియాద్ పెట్టి సర్కారు వేలంలో ఇచ్చిన ప్రజల సొత్తు. ఆ షరతు కాగితం మీదే రాయించాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు పోయింది. నా స్మార్ట్‌ఫోన్ రాత్రికే చచ్చింది. అమ్మీ ఫోన్ మూడో రోజుకీ బతికే ఉంది. సిగ్నల్ తిరిగి రాగానే దమ్మామ్ నుంచి మొదటి కాల్ దానికే వచ్చింది.

మీ ఇంట్లో పెద్దలకి కొత్త కీప్యాడ్ ఫోన్ కొనాలంటే 4జీ ఉందా అని మాత్రమే అడగొద్దు, వోల్టీఈ ఉందా అని అడగండి. అది లేకపోతే 4జీ ఒక్కటే ఉన్న నెట్‌వర్క్‌లో మామూలు కాల్ కలవదు.

ఆ రోజు కుర్రాడి మాట అమ్మీకి చెప్పాను. "బేటా, ఇందులో దమ్మామ్ కాల్ వస్తుందా, రాదా?" అంది. వస్తుందన్నాను.

"మరి బ్యాటరీ వెయ్యి."