సూదంటు రాయి ఆట

పోయిన నెల మా చిన్నోడు పుణె నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు సంచిలో ఒక జపాన్ పిల్లల పత్రిక తెచ్చిండు. వాడి కంపెనీలో పనిచేసిన జపాన్ ఇంజనీర్ ఒకాయన కుటుంబంతో తమ దేశం తిరిగి పోతూ ఇంట్లో మిగిలినవన్నీ పంచిపెట్టిండట. పత్రికతో పాటు ఒక కవరు, అందులో అట్టలు, చిన్న అయస్కాంతం. ఎవరూ విప్పనే లేదు.

మా మనవరాలికి తొమ్మిదేండ్లు, మరాఠీ బడి. ఆ జపాన్ అక్షరాలు నాకూ రావు, దానికీ రావు. అయినా బొమ్మలు చూసుకుంట అరగంటలో బిగించింది. అట్ట మీద ముందే కోతపెట్టి ఉంది, వేలితో నొక్కితే ముక్క ఊడి వస్తది. చుక్కల గీత మీద మడవాలె, కొసను చీలికలో దూర్చాలె. జిగురు అక్కర్లేదు. గోడలు నిలబడ్డయి, సందులు పడ్డయి. పైన కాగితం కుందేలు, దాని కాళ్ళ కింద ఇనుప బిళ్ళ. అట్ట అడుగున అయస్కాంతం పుల్లను జరుపుతుంటే కుందేలు నడుస్తది. మలుపులో తొందరపడితే పట్టు తప్పి ఆగిపోతది.

"తాతా, లోహచుంబక్‌ను మనోళ్ళు ఏమంటరు?" అని అడిగింది. అయస్కాంతం అన్న. నోరు తిరగలేదు. మా అమ్మ సూదంటు రాయి అనేది, సూదిని అంటుకునే రాయి అని చెప్పిన. అది నచ్చింది, గల్లీ అంతా చెప్పుకుంట తిరిగింది.

జపాన్‌లో పత్రికతో ఇచ్చే ఇలాంటి కానుకను ఫురోకు అంటారు. 'షోగకు ఇచినెన్‌సెయి' అని ఒకటో తరగతి పిల్లల పత్రిక 1925లో మొదలై ఇంకా వస్తున్నది, దానితోనూ ఫురోకు ఉంటది. చాలా ఏండ్లు ఈ కానుకలు ఎక్కువగా కాగితంతోనే చేసేవారు. పత్రికలు రైళ్ళలో తక్కువ కిరాయికి పోయేవి, అందుకని కానుక దేనితో చేయాలో కట్టుబాట్లు ఉండేవి. 2001లో వాటిని సడలించారు. అప్పటికే అట్టను మడిచి ఏదైనా నిలబెట్టే పనితనం వాళ్ళ చేతికి వచ్చేసింది.

ఆట ఒక్కటే, గల్లీ పిల్లలు ఏడుగురు. ఇంకొకటి చేద్దామని టవళ్ళ డబ్బా అట్ట కోసినం. బిళ్ళ కదలలేదు. అట్ట మందం పెరిగితే లాగే బలం తగ్గుతది. మిఠాయి డబ్బా మూత తీసుకొని, పాత రేడియో స్పీకర్ విప్పి అందులోని అయస్కాంతం పెడితే సైకిల్ వాషర్ పరుగెత్తింది.

నా బాధ వేరే. ఈ మాసపత్రిక ప్రతి నెలా మా ఇంటికి వస్తది. మనవరాలు తెరవదు. తెలుగు సరిగ్గా రాదు కదా అని నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి. మరి జపాన్ అక్షరం ఒక్కటైనా రాకుండా దాన్ని ఎట్ల తెరిచింది?

సంపాదకుణ్ణి అడిగిన. అట్ట వేస్తే ఖర్చు మోయలేమన్నడు, నిజమే. ఒక పేజీలో దారి గీత అచ్చువేస్తే చాలు, మూత మీద మేమే అంటించుకుంటం అన్న. సరే, గీత పంపమన్నడు.

గీత మనవరాలే గీసింది, మా గల్లీ నుంచి మార్కెట్ దాకా. మూడు చోట్ల తెలుగులో పేర్లు రాసింది. 'మగ్గం'లో గ వత్తు మరిచిపోయింది. దిద్దకుండానే పంపుతున్న.