జాబితా కాపలా కాయదు

అమెరికాలోని అయోవా రాష్ట్రం, మ్యాడిసన్ కౌంటీలో 1883లో కట్టిన ‘సీడార్’ అనే చెక్క వంతెన 1976లో జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో చేరింది. 2002 సెప్టెంబరులో ఎవరో నిప్పు పెట్టగా బూడిదైపోయింది. కౌంటీ ప్రజలు పట్టుబట్టి పాత నమూనాలోనే 2004లో మళ్లీ కట్టుకున్నారు. 2017 ఏప్రిల్‌లో దాన్నీ తగలబెట్టారు. 2019లో మూడోసారి వంతెన లేచింది. ప్రభుత్వ గుర్తింపు వల్ల ఒక పాత కట్టడానికి ఏం దక్కుతుంది, ఏం దక్కదు అన్న ప్రశ్నకు ఈ వంతెన చరిత్రే జవాబు. గుర్తింపు ఒక కట్టడం విలువను చాటుతుంది. దాన్ని నిలబెట్టే పని మాత్రం ఊరిదే.

రాష్ట్ర రాజధాని డిమోయిన్‌కు నైరుతి దిక్కున ఉన్న ఈ కౌంటీ మొక్కజొన్న, సోయా పండించే నేల. 2020 లెక్కల ప్రకారం జనాభా 16,548. కౌంటీ కేంద్రం వింటర్‌సెట్ మన దగ్గరి ఒక పెద్ద పంచాయతీ అంత ఊరు. రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో రాసిన ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ మ్యాడిసన్ కౌంటీ’ నవల, క్లింట్ ఈస్ట్‌వుడ్, మెరిల్ స్ట్రీప్ నటించగా 1995లో వచ్చిన సినిమా ఇక్కడి పైకప్పున్న చెక్క వంతెనల పేరును ప్రపంచమంతటికీ చేరవేశాయి. కానీ నవలకు పదహారేళ్ల ముందే ఇవి రిజిస్టర్‌కెక్కాయి. వంతెనల పండుగ 1970లోనే మొదలైంది. సినిమా రాకముందే తమ దగ్గర ఉన్నదేమిటో ఊరివాళ్లకు తెలుసు.

చౌక చెక్కతో ఖరీదైన చెక్కకు రక్ష

ఈ వంతెనలకు గోడలు, పైకప్పు పెట్టింది అందం కోసం కాదు. నడవడానికి పరిచే పెద్ద దూలాలు ఖరీదైనవి. వానకు, మంచుకు అవి చివికితే మార్చడం కౌంటీకి పెద్ద భారం. పక్కలకు, పైకప్పుకు వాడే పలుచని పలకలు చౌక. అందుకే కౌంటీ పాలకమండలి చౌక చెక్కతో ఖరీదైన చెక్కను కప్పించింది. బెంటన్ జోన్స్ అనే మేస్త్రీ ఇక్కడ పలు వంతెనలు కట్టాడు. 1820లో ఐథియల్ టౌన్ పేటెంటు పొందిన జల్లెడ అల్లిక పద్ధతిలో, చిన్న పలకలను ఏటవాలుగా ఒకదానిపై ఒకటి బిగించి బరువును పంచాడు. 1880 నాటి హాలివెల్ వంతెన పొడవు 122 అడుగులు. దగ్గర్లో ఎవరి ఇల్లు ఉంటే వంతెనకు వారి పేరే స్థిరపడింది. మొత్తం పందొమ్మిది కట్టగా, మళ్లీ కట్టిన సీడార్‌తో కలిపి ఆరు మిగిలాయి.

చెక్క ఒక్కటే ఈ కౌంటీ సంపద కాదు. నేల కింద సున్నపురాయి ఉంది. ఆ రాతి పొరల్లో ఒకదానికి భూగర్భ శాస్త్రజ్ఞులు వింటర్‌సెట్ పేరే పెట్టారు. 19వ శతాబ్దం నడిమధ్యలో వచ్చి స్థిరపడిన రైతులు ఆ రాతితోనే ఇళ్లు, కొట్టాలు, బడులు కట్టుకున్నారు. 1987లో ఈ రాతి ఇళ్లను ఒక్కొక్కటిగా కాక ఒకే సముదాయంగా అధ్యయనం చేసి, పలు ఇళ్లను రిజిస్టర్‌లో చేర్పించారు. ఒక ఇల్లు ఒంటరిగా చెప్పలేని చరిత్రను ఆ ఇళ్లన్నీ కలిసి చెబుతాయన్న ఎరుక అందులో ఉంది. పాత కోర్టు భవనం 1875లో కాలిపోయాక, ఇదే రాతితో 1878 నాటికి కొత్తది లేచింది. దానికి రూపమిచ్చినవాడు అయోవా, ఇల్లినాయ్ శాసనసభా భవనాల రూపకల్పనలో పాలుపంచుకున్న ఆల్ఫ్రెడ్ పికెనార్. గుమ్మటం కింద కౌంటీ పాలన నేటికీ నడుస్తోంది. దాని మన్నికకు అసలు కారణం ఆ వాడుకే.

చట్టం ఇచ్చేది ఎంత?

కొత్త హైవేలు, నగరాల పునర్నిర్మాణం పేరిట పాత పేటలు కూలిపోతున్న కాలంలో, 1966లో అమెరికా కాంగ్రెస్ జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం చేసింది. రిజిస్టర్ పుట్టింది దాని నుంచే. అందులో నేడు దాదాపు లక్ష నమోదులున్నాయి. అందులో చేరాలంటే చరిత్రలోని ఘటన, వ్యక్తి, నిర్మాణ శైలి, పురావస్తు సమాచారం – ఈ నాలుగింటిలో ఏదో ఒక కారణం ఉండాలి. కట్టడం తన పాత రూపాన్ని చాలావరకు నిలుపుకొని ఉండాలి.

అంతా అయ్యాక యజమానికి దక్కేది గౌరవం, కొన్ని అవకాశాలు. కేంద్ర ప్రభుత్వ డబ్బుతోనో అనుమతితోనో నడిచే పని ఆ కట్టడాన్ని దెబ్బతీసేలా ఉంటే, సంబంధిత శాఖ ముందుగా ఆలోచించి, రాష్ట్ర పరిరక్షణ అధికారిని సంప్రదించాలి. చట్టం ఆలోచించమంటుంది, ఆపమనదు. యజమాని సొంత డబ్బుతో తన ఇంటిని తానే కూల్చుకుంటే రిజిస్టర్ అడ్డుపడదు. మన దేశంలో 1958 చట్టం కింద రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణమే నిషిద్ధం. అమెరికాలో జాబితా విశాలం, పట్టు వదులు.

పన్ను రాయితీలోనూ గ్రామీణ కౌంటీకి వెలితి ఉంది. మరమ్మతు ఖర్చులో ఇరవై శాతం కేంద్ర పన్ను రాయితీ ఆదాయం తెచ్చే కట్టడాలకే వర్తిస్తుంది. వింటర్‌సెట్ కూడలిలోని దుకాణానికి అది అందుతుంది. సేద్యానికి వాడే కొట్టానికీ రావచ్చు. కానీ ఒక రైతు కుటుంబం తరతరాలుగా కాపురముంటున్న రాతి ఇంటికి ఆ రాయితీ లేదు. కౌంటీ చరిత్రను మోస్తున్న ఇళ్లకే సాయం తక్కువ. ఇది సరిదిద్దవలసిన లోపం.

వంతెనలకు వచ్చిన బలం వేరే చోటు నుంచి వచ్చింది. అవి కౌంటీ ఆస్తి కనుక మరమ్మతు బాధ్యత ఎవరిదన్న వివాదం లేదు. 1990లలో కౌంటీ వాటిని ఒక్కొక్కటిగా బాగుచేయించింది. హాలివెల్‌కే రెండు లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. దీనికి భిన్నంగా, సినిమాలో కథానాయిక ఇల్లుగా చూపిన పాడుబడ్డ రైతు ఇల్లు ఉంది. షూటింగ్ కోసం బాగుచేశారు, సందర్శకులు బారులు తీరారు. 2003లో అదీ మంటల్లో దెబ్బతింది. పేరు మోగినంత మాత్రాన రక్ష ఉండదని ఆ ఇల్లు రుజువు చేసింది.

జాబితాకు అందని చరిత్ర

నిలిచి ఉన్నదాన్నే రిజిస్టర్ చూడగలదు. రాయీ చెక్కా మిగలనివారి చరిత్ర దాని కంట పడదు. ఈ నేల సాక్, మెస్క్వాకీ తెగలది. 1842 ఒప్పందంతో వారు దీన్ని వదులుకోవలసి వచ్చింది. 1846లో కౌంటీ ఏర్పడింది. రాతి ఇళ్లన్నీ ఆ తర్వాతివే. మెస్క్వాకీలు 1857లో ఇదే రాష్ట్రంలోని టామా కౌంటీలో సొంత డబ్బుతో భూమి కొనుక్కొని తిరిగి నిలదొక్కుకున్నారు. మ్యాడిసన్ వంతెనల కథ చెప్పే ప్రతి ఫలకం పక్కనా ఈ మాట కూడా ఉండాలి.

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ సంగతీ అంతే. బానిసత్వంలో పుట్టి, వ్యవసాయ శాస్త్రవేత్తగా ఎదిగిన ఆయన 1880ల చివర్లో వింటర్‌సెట్‌లో వంట చేస్తూ, బట్టలుతుకుతూ బతికాడు. ఇక్కడ పరిచయమైన మిల్‌హాలండ్ దంపతులు ప్రోత్సహించగా 1890లో సింప్సన్ కళాశాలలో చేరాడు. ఆయన జ్ఞాపకంగా ఊళ్లో ఉన్నది ఒక చిన్న పార్కు. 

ఈ కౌంటీ నుంచి మన ఇళ్లదాకా వచ్చిన వారసత్వమూ భవనం కాదు, ఒక చెట్టు. పెరూ అనే పల్లె దగ్గర జెస్సీ హయట్ తోటలో తానుగా మొలిచిన ఆపిల్ మొక్కను 1890లలో స్టార్క్ నర్సరీ కొని, ‘డెలీషియస్’ పేరుతో ప్రచారం చేసింది. భారత్‌లో స్థిరపడిన అమెరికన్ సామ్యూల్ స్టోక్స్ శతాబ్దం కిందట ఆ రకాన్ని హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో నాటాడు. హైదరాబాద్, విజయవాడ బండ్ల మీద సిమ్లా ఆపిల్‌గా అమ్ముడయ్యే పండులో చాలాభాగం ఆ వంశమే.

ముందున్న పని

1900లో పదిహేడు వేలు దాటిన ఈ కౌంటీ జనాభా 1990 నాటికి పన్నెండున్నర వేలకు పడిపోయింది. సేద్యపు కమతాలు పెరిగి, కుటుంబాలు తగ్గి, ఇళ్లు ఖాళీ అయ్యాయి. డిమోయిన్ విస్తరణతో ఇప్పుడు జనం మళ్లీ పెరుగుతున్నారు. ఖాళీ ఇల్లు కప్పు కారి కూలుతుంది, గిరాకీ పెరిగిన స్థలంలో ఇల్లు యంత్రంతో కూలుతుంది. రెండు ప్రమాదాలూ ఒకే కౌంటీని ఒకదాని వెనక ఒకటి తాకాయి. ఇలాంటప్పుడే, సముద్రగర్భ చమురు ఆదాయంతో 1976 నుంచి రాష్ట్రాల పరిరక్షణ కార్యాలయాలను నడిపిస్తున్న చారిత్రక పరిరక్షణ నిధిని దాదాపు మొత్తంగా ఎత్తివేయాలని 2026 ఆర్థిక సంవత్సర బడ్జెట్‌లో వైట్‌హౌస్ ప్రతిపాదించింది. సర్వే చేసి, పత్రాలు పరిశీలించి, సలహా ఇచ్చే సిబ్బందే లేకపోతే పెద్ద నగరాలు ఎలాగో నెట్టుకొస్తాయి. పదహారు వేల మంది ఉన్న కౌంటీకి ఆ శక్తి లేదు.

ఆ నిధి కొనసాగాలి. కాపురమున్న పాత ఇళ్లకూ పన్ను రాయితీ రావాలి. భవనాలు మిగలని చరిత్రను కౌంటీయే సర్వే చేయించి నమోదు చేయాలి. రిజిస్టర్‌కు నామినేషన్ పత్రం ఎవరైనా తయారుచేయవచ్చు, రాష్ట్ర సమీక్షా సమావేశాల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. డిమోయిన్ చుట్టుపక్కల స్థిరపడి, ఆ కౌంటీలకు పన్నులు కడుతున్న తెలుగు కుటుంబాలకూ ఆ హక్కు ఉంది. సెలవు రోజున వంతెన దగ్గర ఫొటో దిగి వచ్చేయడంతో సరిపెట్టకుండా, దాని మరమ్మతుకు డబ్బు కేటాయించే రోజున కౌంటీ పాలకమండలి సమావేశానికీ వెళ్లండి.