మనం ప్రయాణికులం కాదు, ఇక్కడ ఉండేటోళ్లం



అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు... మనం ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, పోడు పట్టాల గురించే రాసుకుంటం. ఇయ్యాల నేను తిండి గురించి, బరువు గురించి రాస్తున్న. "గిది కూడా ఒక సమస్యేనా" అని కొందరు నవ్వొచ్చు. కానీ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే హాస్టల్ రూముల్లో ఈ ముచ్చట రోజూ నడుస్తది. 2022 నోటిఫికేషన్ ప్రకారం అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలె. అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలె. ప్రిలిమ్స్ పాసై గ్రౌండ్‌ల ఆగిపోతే ఉత్త చేతులతో ఇంటికి పోవాలె. కాబట్టి మనకు బరువంటే అందం ముచ్చట కాదు, కొలువు ముచ్చట.

బరువు తగ్గాలనుకునేటోళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "నోరు కట్టుకో." స్వీట్ చూస్తే ఆగలేకపోతే నీకు మనసు గట్టిగ లేదంటరు. నేను దీన్ని ఒప్పుకోను. సాయంత్రం ఆకలైనప్పుడు మన చేతికి ఏం అందుతదో, మన జేబుల ఉన్న పైసలకు ఏం వస్తదో, మనం తినేది అదే. అది మార్చకుండ ఉత్తగ నోరు కట్టుకుంటే నాలుగు రోజులు ఆగుతం, ఐదో రోజు రెండింతలు తింటం.

నేను ఉండేది శంషాబాద్ హాస్టల్‌ల. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైనంక ఇక్కడ అంతా మారింది. బెంగళూరు హైవే, ఔటర్ రింగ్ రోడ్డు ఇక్కడే కలుస్తయి. ఈ రోడ్డు పక్కన తిండి ఎవరి కోసం పెట్టిన్రు? పోయేటోళ్ల కోసం. ప్రయాణంల ఉన్న మనిషికి తిండి జల్ది కావాలె, చేత్తో పట్టుకొని తినేతట్టు ఉండాలె, సంచిల పెడితే పాడు కావొద్దు, అలసటకు ఉప్పో తీపో గట్టిగ తగలాలె. అందుకే ఎటు చూసినా చిప్స్, క్రీం బన్ను, కర్రీ పఫ్, కేకు, కూల్ డ్రింక్. ఆయన ఒక్కసారి తిని విమానమో బస్సో ఎక్కి పోతడు, ఆయనకు పెద్ద నష్టం లేదు. మనం ఇదే రోడ్డు పక్కన మూడేండ్లు ఉంటం. ప్రయాణికుని తిండిని రోజువారీ తిండి చేసుకున్నం, అసలు తిప్పలు ఇక్కడే ఉన్నది.

ఇంకో ముచ్చట చూడుండ్రి. సీతాఫలాల కాలంల షాద్‌నగర్, బాలానగర్ దిక్కు హైవే పొంటి మన తండాల అమ్మలు గంపలు పెట్టుకొని కూసుంటరు. బాలానగర్ సీతాఫలం అంటే దేశమంతా పేరు. కార్లల్ల పోయేటోళ్లు మన పండ్లు కొనుక్కపోతరు. ఆ పైసలతోని మనోళ్లు పిల్లలకు చిప్స్ ప్యాకెట్లు కొనుక్కపోతరు. మన బలం రోడ్డెక్కి పోతున్నది, దాని బదులు గాలి నింపిన ప్యాకెట్ ఇంటికి వస్తున్నది.

ఇగ పైసల లెక్క. 2024 చివర్ల ప్రభుత్వం హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలైంది. పెంచుడు మంచిదే. అయినా రోజుకు 70 రూపాయలు, అన్ని పూటలు కలిపి. మధ్యాహ్నం అన్నం తిన్నంక రాత్రి అన్నం దాకా ఆరేడు గంటలు ఖాళీ. నడుమ కాలేజీ, బస్సు, గ్రౌండ్‌ల ఉరుకుడు. ఆ టైంల జేబుల 20 రూపాయలుంటే రోడ్డు మీద పండు రాదు, గుడ్డు కూర రాదు. చిప్స్ వస్తది, కూల్ డ్రింక్ వస్తది. దీన్ని మనసు బలహీనత అనుడు అన్యాయం.

కూల్ డ్రింక్ లెక్క కూడా తెలుసుకోవాలె. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటది. అంటే 250 మిల్లీలీటర్ల సీసాల 25 గ్రాములు, ఐదారు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఇంతకు మించకుంటే మంచిదని చెప్పేది కూడా దాదాపు ఇంతే. ఒక్క సీసాతో రోజు కోటా అయిపోయె, ఆకలి మాత్రం అట్లనే ఉండె.

ప్రభుత్వానికి ఇది తెల్వదా? తెలుసు. 2020ల వచ్చిన ఆహార భద్రత నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి లోపల గానీ, బడి గేటుకు 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మొద్దు. ఆ రక్షణ బడి దాకనే. టెన్త్, ఇంటర్ దాటి మనం డిగ్రీకి వస్తే గేటు ముందరనే అన్నీ ఉంటయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కూల్ డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం చేసిన్రు గానీ, చాక్లెట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీముల మీద 5 శాతానికి తగ్గించిన్రు.

ఇప్పుడు అక్కచెల్లెళ్లకు ఒక మాట. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసేటోళ్లు మనల మస్తుమంది ఉన్నరు. దయచేసి ఆ పని చెయ్యకుండ్రి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అదే సర్వేల 30.1 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నరు. అంటే ఒకే ఒంట్లో బరువు ఎక్కువ, రక్తం తక్కువ కావొచ్చు. అసొంటి ఒళ్లుకు పప్పన్నం, గుడ్డు బంద్ పెడితే 800 మీటర్లు ఎట్ల ఉరుకుతది? మానాల్సింది ప్యాకెట్‌ను, పళ్లెంను కాదు.

ఇంటి సంగతి కూడా చెప్పాలె. మా యాడి హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా బస్టాండ్ల స్వీట్ డబ్బా కొనుక్కొస్తది. ఆమె చిన్నప్పుడు దొరకంది బిడ్డకు దొరకాలని ఆమె ఆశ. దాన్ని వద్దనుడు ఎవరికైనా కష్టమే. "యాడీ, స్వీట్ వద్దు, పల్లీలు వేయించి తే, నాలుగు జొన్న రొట్టెలు కట్టుకొని రా" అని చెప్పిన. మొదలు నొచ్చుకున్నది, ఇప్పుడు రూమంతటికీ సరిపోను తెస్తది. తీపి మనకు శత్రువు కాదు. ఉట్నూరు దిక్కు ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. పండుగకు తినే తీపి వేరు, ఆకలికి తినే తీపి వేరు. కానీ బెల్లమైతే ఎంతైనా తినొచ్చనుకునుడు కూడా తప్పే, అది కూడా చక్కెరే.

మరి ఏం చెయ్యాలె? మొదటిది, సాయంత్రం ఖాళీని నింపాలె. రూముల ఒక డబ్బా పుట్నాలు, ఒక డబ్బా పల్లీలు పెట్టుకుందాం. పల్లీలైతే గుప్పెడే, నూనె గింజ గదా. ఆకలి అయినంక దుకాణం ముందర నిలబడి "వద్దు" అనుకునే దానికన్నా, ఆకలి కాకముందే గుప్పెడు తిని పోవుడు అల్కగ ఉంటది. రెండోది, స్వీట్ తినాలనిపిస్తే అన్నం తిన్నంక నలుగురితో పంచుకొని తిందాం, ఉత్త కడుపుల వద్దు. బర్త్‌డేకు ట్రీట్ అడిగేటోళ్లు కేకు బదులు పండ్లు అడుగుండ్రి. మూడోది, "లడ్డూ", "బొండం" అని దోస్తులకు పేర్లు పెట్టుడు బంద్ చేద్దాం. ఆ మాట పడ్డోళ్లు అందరి ముందర తినుడు మానేసి, చాటుకు ప్యాకెట్ విప్పుతరు.

నాలుగోది అందరం కలిసి చెయ్యాల్సిన పని. మెస్ గోడ మీద మెనూ ఉంటది, చదువుండ్రి. సాయంత్రం ఏమున్నదో, అది మనం కాలేజీ నుంచి వచ్చేసరికి మిగులుతున్నదో లేదో చూడుండ్రి. శనగలు, బొబ్బెర్లు, పెసల గుడాలు కావాలని, లేటుగ వచ్చేటోళ్లకు తీసిపెట్టాలని మెస్ కమిటీల అడుగుదాం. వారానికి రెండు దినాలన్నా జొన్న రొట్టె అడుగుదాం. జొన్నల మీద పరిశోధన చేసే భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన పక్కన రాజేంద్రనగర్‌లనే ఉన్నది. జొన్న తిని పెరిగిన మన పిల్లలు ఆ పక్కనే ఉండి మైదా పఫ్ తిని కడుపు నింపుకునుడు ఏం న్యాయం?

దరఖాస్తు ఒక్కరు రాస్తే వార్డెన్ సార్ పక్కన పెడ్తరు. యాభై సంతకాలుంటే చదువుతరు. మా హాస్టల్‌ల రాసుడు మొదలుపెట్టినం. మీ దగ్గర సాయంత్రం ఏం పెడుతున్నరో, ఎన్ని గంటలకు పెడుతున్నరో రాయుండ్రి. అన్ని హాస్టళ్లది కలిపి ఒక్క కాగితం చేద్దాం.

జై సేవాలాల్. జోహార్.