అన్ని పేజీలకూ ఒకే మందా?

ఒకప్పుడు మా అక్కయ్య పెట్టే ఆవకాయ గుంటూరులో మా వీధి దాటి ఎరుగదు. ఇప్పుడు అమెరికా దాకా ప్రయాణం చేస్తున్నది. మా బావగారు పోయిన తరువాత తోచక మొదలుపెట్టిన పని కాస్తా ఇద్దరు పిల్లల చదువుకు ఆధారమయింది. జాడీలతోపాటు ఒక వెబ్‌సైటు కూడా వెలసింది. దాని మంచిచెడ్డలు చూసేవాడు నా పెద్ద మేనల్లుడు.

పోయిన వేసవిలో, సరిగ్గా ఆవకాయ రోజుల్లో, వాడికొక బెంగ పట్టుకొన్నది. గూగుల్ వారి వేగ పరీక్షలో సైటుకు 100కు 41 మార్కులే వచ్చాయట. పదో తరగతి లెక్కల్లో అంతకన్న తక్కువ వచ్చినప్పుడు కూడా వాడింత దిగులుపడగా నేను చూడలేదు. ఏదో పరికరం తెచ్చి సైటుకు తగిలించి, అందులో ‘జావాస్క్రిప్టు ఆప్టిమైజేషన్’ అనే మీట నొక్కాడు. మార్కులు 93 అయినాయి. ఆ రాత్రి ఇంట్లో పాయసం.

మరునాడు ఒక్క ఆర్డరూ రాలేదు. ఆ మరునాడూ లేదు. మూడో రోజున డల్లాస్ నుంచి ఎప్పుడూ కొనే అమ్మాయి ఫోను చేసింది.

“పిన్నిగారూ, డబ్బు కట్టే బొత్తాం ఎంత నొక్కినా కదలటం లేదండీ. ఆవకాయ అయిపోయిందా?”

మావాడు వెంటనే తన కంప్యూటరులో తెరచి చూశాడు. “నాకు బాగానే ఉంది మామయ్యా! ఆవిడ ఫోనే పాడయి ఉంటుంది” అన్నాడు. నా ఫోనులో నేను తెరచాను. బొత్తాం బొమ్మలాగా ఉన్నది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇద్దరికీ ఇంత భేదమెందుకు? వాడు యజమానిగా లోపలికి ప్రవేశించి చూస్తున్నాడు. ఇటువంటి పరికరాలు చాలావరకు యజమానికి చూపే పేజీల జోలికి పోవు. దారినపోయేవారికి చూపే పేజీలనే మారుస్తాయి. వంటవాడు రుచి చూసిన గిన్నె ఒకటి, పంక్తిలో వడ్డించినది మరొకటి అన్నమాట!

ఇంతకూ జరిగిందేమిటి? జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో తయారుచేశాడు. పేజీలో చిన్న చిన్న పనులకోసం పుట్టిన ఆ భాష ఇప్పుడు అంగడి మొత్తాన్ని మోస్తున్నది. బ్రౌజరు పేజీని పైనుంచి చదువుకుంటూ వస్తుంది. మామూలుగా మధ్యలో జావాస్క్రిప్టు ఫైలు తగిలితే పని ఆపి, దాన్ని తెప్పించుకొని, నడిపి, ఆ తరువాతనే ముందుకు కదులుతుంది. అందువల్ల ఆలస్యం. ఆప్టిమైజేషన్ చేసే పనుల్లో ముఖ్యమైనది ఆ ఫైళ్ళను వెనక్కు నెట్టి, “ముందు పేజీ కనిపించనీ, మీ సంగతి తరువాత” అనటం.

మంచిదే. కాని పేజీలోనే రాసిపెట్టిన చిన్న చీటీల వంటి ఆజ్ఞలు కొన్ని ఉంటాయి. అవి వెనక్కు పోవు, ఉన్నచోటనే నడుస్తాయి. మా డబ్బు కట్టే పేజీలోని చీటీ, జేక్వెరీ అనే ఫైలు తనకన్న ముందే వచ్చి ఉంటుందని నమ్ముకొన్నది. ఆ ఫైలేమో వరుసలో వెనక నిలబడి ఉన్నది. నూనె కాగకముందే ఆవాలు వేస్తే చిటపటలాడుతాయా? చీటీ అక్కడే చతికిలబడింది. బొత్తానికి ప్రాణం పోసేవాడు లేకపోయాడు.

సంగతి విని అక్కయ్య, “ఆ మాయదారి వేగం తీసిపారెయ్యరా!” అన్నది. వాడు నావైపు దీనంగా చూశాడు. 93 మార్కులాయె!

నేనన్నాను: “జలుబు చేసింది ఒకడికయితే ఇంటిల్లిపాదికీ లంఖణమెందుకు? ఆ ఒక్క పేజీని వదిలిపెట్టే వీలు లేదా?”

ఉన్నది. ఫలానా పేజీలను ముట్టుకోవద్దని చెప్పటానికి ఆ పరికరంలోనే ఒక జాబితా ఉన్నది. బుట్ట పేజీ, డబ్బు కట్టే పేజీ, ఖాతా పేజీ, ఈ మూడింటినీ అందులో చేర్చాడు. పాత నకళ్ళు నిలవ ఉంటే మార్పు కనిపించదు గనుక క్యాషు తుడిచివేశాడు. తరువాత యజమాని వేషం తీసేసి, పరాయివాడిలాగా ప్రైవేటు కిటికీలో తెరచి చూశాడు. బొత్తాం పలికింది. ముందు పేజీకి మార్కులు చెక్కుచెదరలేదు.

ఆలోచిస్తే ఇందులో న్యాయమే ఉన్నది. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోగా కనిపించాలని గూగుల్ పెట్టిన కొలత ఉన్నది. కొత్తవాడు వచ్చి దిగే పేజీకి అది ప్రాణం. అక్కడ ఆలస్యమయితే వాడు పక్క అంగడికి పోతాడు. డబ్బు కట్టే పేజీకి ఎవరూ దారి తప్పి రారు. బుట్ట నింపుకొని వచ్చినవాడు అర సెకను ఆగుతాడు. మూగ బొత్తాం దగ్గర మాత్రం ఎంతసేపని నిలబడతాడు?

మీకూ ఇటువంటి చిక్కు వస్తే ముందు ఆప్టిమైజేషన్ మొత్తం ఆపి చూడండి. జబ్బు పోతే దోషం అక్కడే ఉన్నట్లు. మళ్ళీ పెట్టి, చెడిన పేజీని మాత్రం మినహాయించండి. ఓపిక ఉంటే ఆ పేజీలోనూ చిక్కు తెచ్చిన ఫైలొక్కటే వెతికి మినహాయించవచ్చు.

ఆ మూడు రోజుల్లో ఎంతమంది వెనుదిరిగి పోయారో మాకు తెలియదు. మామూలు అంగడిలో కొనకుండా పోయేవాడి ముఖమైనా కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు. ఆ డల్లాస్ అమ్మాయి ఫోను చేయకపోతే, చిన్నదాని కాలేజీ ఫీజు గడువు నాటికి మేము 93 మార్కులు చూసుకొని మురుస్తూ ఉండేవాళ్ళం.

చివరి పరీక్షగా నేనే అరకిలో ఆవకాయకు డబ్బు కట్టాను. జాడీ వచ్చింది. పరీక్ష అయిపోయింది గదా, డబ్బు తిరిగి ఇమ్మంటే అక్కయ్య, “బొత్తాం బాగా పనిచేస్తున్నది తమ్ముడూ” అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.