వాయిదాయే శిక్ష

పోడు కేసులో శిక్ష తీర్పు దాకా ఆగదు. సమన్లు అందిన రోజే మొదలవుతుంది. కల్లూరు దాపు అడవి పల్లె నుంచి కోయ రైతు కూలి మానుకుని, బస్సెక్కి కోర్టుకొస్తాడు. వరండాలో గోడకానుకుని కూర్చుంటాడు. టీ తాగడానికి గేటు దాటాడా, సరిగ్గా అప్పుడే బంట్రోతు పేరు పిలుస్తాడు. పలకలేదు కాబట్టి గైర్హాజరు. వెంటనే నాన్ బెయిలబుల్ వారెంటు. కేసు రాసిన బీటు ఆఫీసరు మాత్రం ఎక్కడికో బదిలీ అయిపోయి ఉంటాడు. ముద్దాయి రాకపోతే వారెంటు, సర్కారు సాక్షి రాకపోతే మళ్లీ వాయిదా! ఇదెక్కడి న్యాయం?

తిరిగి తిరిగి విసిగిపోయినవాడికి ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు: ‘ఒప్పేసుకో, జరిమానా కట్టి పో.’ తలూపుతాడు. తెలుగే అంతంతమాత్రంగా వచ్చే మనిషికి తాను దేనికి తలూపాడో తెలిసిందా? రికార్డులో మాత్రం నేరం రుజువైపోయింది.

కోర్టులకు పనిభారం అంటారు. ఉంది, కాదనను. కానీ తలుచుకుంటే కేసు త్వరగా తేలదా? 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర అటవీ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. ఘోరం. దోషులకు శిక్ష పడాల్సిందే, పడింది కూడా. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవం వేసింది. తొమ్మిది నెలలు నిండలేదు. సర్కారు గట్టిగా అనుకుంటే చార్జిషీటు వేళకు పడుతుంది, సాక్షులు బోనెక్కుతారు. ఆ చురుకు పేదవాడి కేసు తేల్చడానికి ఎందుకు రాదు? సెక్షన్లు తగిలించేటప్పుడు మాత్రం లోటుండదు. 2021 ఆగస్టులో కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్ పోడు గొడవలో ఏకంగా హత్యాయత్నం పెట్టారు. చంటిబిడ్డల తల్లులు జైలుకెళ్లారు.

ఇంకో విడ్డూరం చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి తన సాగులో ఉందని గిరిజనుడు చూపాలి. చెల్లే రుజువుల జాబితాలో, 13వ నిబంధనలో, కోర్టు రికార్డులూ తీర్పులూ ఉన్నాయి. అంటే ఆ తేదీకి ముందెప్పుడో ‘అడవి కొట్టాడు’ అని పడిన తీర్పు గ్రామసభకు తీసుకెళ్తే ఆ భూమి అతని సాగులో ఉందనడానికి సాక్ష్యం! ఈ ముక్క జరిమానా రసీదు ఇచ్చేటప్పుడు ఎవరైనా చెప్పారా? ఆ కాగితాన్ని చూరులో చెదలు తినేస్తుంటే పట్టా అర్జీకి ‘ఆధారాలు లేవు’ అని కొట్టేస్తారు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు పంచుతూ నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ కేసులు ఎత్తేస్తామన్నారు. చప్పట్లు మోగాయి. అయితే సభలో ప్రకటిస్తే కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటరే ఉపసంహరణ పిటిషన్ వేయాలి, కోర్టు సమ్మతించాలి. నిన్నటి దాకా సీఆర్‌పీసీ 321, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 360. పైనుంచి జీవో ఏదీ రాలేదని చేతులు కట్టుకు కూర్చోవడం ప్రాసిక్యూటర్ కుర్చీకి తగదు. ఆయన సొంత బుర్రతో ఆలోచించి తేల్చుకోవాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఆయన పోలీసుల వకీలూ కాదు, అటవీశాఖ గుమాస్తా అంతకన్నా కాదు.

కాబట్టి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారూ, మీ బల్ల మీది పోడు కట్టలు ఒక్కసారి విప్పండి. ముద్దాయి చేతికి సర్కారే పట్టా ఇచ్చిన భూమి వాటిలో ఉంటే, ఆ కేసు మీరు ఇంకా ఎవరి తరఫున నడుపుతున్నట్టు?