బిడ్డకు తగ్గట్టు ఊరు: జంగారెడ్డిగూడెం తల్లిదండ్రుల ప్రణాళిక

ఆటిజం ఉన్న పసివాళ్ళ అమ్మానాన్నలం, అమ్మమ్మలం, తాతలం, వాళ్ళకు చదువు చెప్పే టీచర్లం జంగారెడ్డిగూడెం కేంద్రంగా ఒక్కటవుతున్నాం. బిడ్డను ఊరికి తగ్గట్టు మలచాలనే పట్టుదలతో ఇన్నేళ్ళూ గడిచాయి. ఇక బిడ్డకు తగ్గట్టు ఊరు నేర్చుకోవాలి. ఆ పనిలో మీరూ మాతో నడుస్తారన్న ఆశతో ఈ ప్రణాళిక మీ ముందు పెడుతున్నాం.

1. తల్లిలో దోషం లేదు. 1943లో వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణించాక, తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని పేరున్న వైద్యులే చాలాకాలం నమ్మారు. 1964లో ఆ మాటను పుస్తకం రాసి తిప్పికొట్టిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. మన అరుగుల మీద ఆ తీర్పు ఇంకా నడుస్తూనే ఉంది: గ్రహణం నాడు బయటికెళ్ళింది, ఫోను ఇచ్చి పాడుచేసింది అని. ఆటిజం మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. నింద మోస్తున్న మనిషికి బిడ్డతో ఆడుకునే ఓపిక ఎక్కడిది?

2. ఆరేళ్ళకు ముందే అండ కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. అందులోని ఉచిత విద్య హక్కు మాత్రం ఆరో ఏట మొదలవుతుంది. బిడ్డకు చేయూత ఎక్కువగా పనికొచ్చే ఏళ్ళు అప్పటికే దాటిపోతాయి. “మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యం, వాళ్ళ నాన్నా అంతే” అనే ఓదార్పు వాటిలో ఏడాదినో రెండేళ్ళనో మింగేస్తుంది. అంగన్‌వాడీలోనే గుర్తింపు, గుర్తించిన వారంలోనే సాయం: ఇది మా మొదటి డిమాండు.

3. బిడ్డకు చేయూతనిచ్చే విద్య నగరం సొత్తు కాదు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. అక్కడ నేర్పింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుతుండగా వీడియో తీసి, దాన్ని ఆమెకే చూపిస్తూ నేర్పారు. బిడ్డ సైగను తల్లులు అందుకోవడం మెరుగైంది, బిడ్డలు తామే ముందుగా పలకరించడం పెరిగింది. అక్కడ కుదిరింది ఇక్కడా కుదురుతుంది.

మేం కోరే రేపు ఇది. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకున్న భవిత కేంద్రంలో బడి ఈడు రాని పిల్లలకూ చోటుంటుంది, మాటల థెరపీ వారం వారం తప్పక జరుగుతుంది. దానికోసం ఏలూరు బస్సెక్కి ఒక రోజు కూలి పోగొట్టుకునే పని ఉండదు. పొగాకు బేరన్ దగ్గర రాత్రి మేలుకునే నాన్నకు వీలైన వేళ శిక్షణ ఉంటుంది. బుట్టాయగూడెం కొండల్లో అది కోయ భాషలో సాగుతుంది, కొల్లేటి లంకలకు నడిచొస్తుంది. మంగళవారం మద్ది ఆంజనేయస్వామి గుడి రద్దీలో చెవులు మూసుకునే పిల్లాడికి పక్క దారి ఇస్తారు. బస్సులో వాడు అరిస్తే కండక్టరు తల్లికేసి గుర్రుగా చూడడు. పెళ్ళికి పిలిచేవాళ్ళు, బాబును కూడా తీసుకురండి అంటారు. (ఈ చివరిది జీవో ఇచ్చి తెప్పించగలిగేది కాదని మాకూ తెలుసు.)

4. నయం చేస్తామనే సంతకు మేం దూరం. ఆటిజానికి మూలకణాల చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వద్దంది. పొలం అమ్మి అటు వెళ్ళకండి.

5. హక్కు ఒకరి దయ కాకూడదు. సదరం వైకల్య సర్టిఫికెట్, పింఛను, నేషనల్ ట్రస్టు వారి లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా: వీటి కాగితాల పని తెలిసిన కుటుంబం తెలియని కుటుంబం పక్కన కూర్చుంటుంది. మా సభ్యత్వానికి రుసుము అదే.

ఏడాదిన్నర దాటిన మీ బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, కావలసింది వేలు పెట్టి చూపకపోతే, ఇంకో ఏడాది చూద్దామనుకోకండి. ఈ వారమే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. ఆమె ఎక్కడికి పంపాలో తేల్చుకోలేకపోతే మా దగ్గరికి రండి, ఆమెనూ వెంటబెట్టుకుని.